గార పండ్లు, తెల్ల పండ్లు: బాపుతో డెంటిస్ట్ దగ్గరికి

మొన్న మే నెలలో మా అక్క ఎంగేజ్‌మెంట్ అయింది. మంచిర్యాలలోనే, చిన్న ఫంక్షన్ హాల్లో. ఫొటోగ్రాఫర్ మా బాపుని "అంకుల్, జర నవ్వుండ్రి" అని కనీసం ఇరవై సార్లు అడిగి ఉంటాడు. బాపు నవ్వాడు కూడా, కానీ పెదాలు విడిపోలేదు. తర్వాత ఆల్బమ్ చూస్తే ప్రతి ఫొటోలో అదే: మూసిన నోరు, ఉబ్బిన బుగ్గలు. అక్క చిన్నబుచ్చుకుంది. "పెండ్లి ఫొటోల్లనన్న మంచిగ నవ్వు బాపూ" అంటే, "ఈ గార పండ్లేసుకొని ఏం నవ్వాలె బిడ్డా" అన్నాడు.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు 'గార' అనే మాట అప్పటిదాకా తెలీదు. మా బాపమ్మను అడిగితే రెండు అర్థాలు చెప్పింది. ఒకటి, పాత ఇండ్ల గోడలకు సున్నంతో వేసే పూత. రెండోది, పండ్లకు పట్టే పెచ్చు. తర్వాత చదివితే అర్థమైంది, మా బాపమ్మ ఏ కెమిస్ట్రీ చదవకపోయినా ఆ మాటలో కెమిస్ట్రీ కరెక్టుగానే ఉంది. పండ్ల మీద పాచి (బ్యాక్టీరియా పొర) అట్లాగే వదిలేస్తే మన ఉమ్ములో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ దాంట్లో చేరి గట్టిపడతాయి. గోడ మీద ఉన్నదీ కాల్షియమే, పంటి మీద ఉన్నదీ కాల్షియమే. గట్టిపడ్డాక బ్రష్‌తో రాదు.

క్లబ్ వాళ్ళు ఈ సంచికకు "ఏదైనా సైన్స్ టాపిక్ తెలుగులో రాయి" అన్నప్పుడు మెషిన్ లెర్నింగ్ గురించి రాద్దామనుకున్నా. కానీ ఈ నాలుగైదు నెలల్లో నేను సిలబస్ కన్నా ఎక్కువ చదివింది పండ్ల గురించే. అందుకే ఇది.

బావిలో బీడీ ఎందుకు ఉండదు

బాపు శ్రీరాంపూర్ ఏరియాలో ఒక అండర్‌గ్రౌండ్ బావిలో పని చేస్తాడు. మా దగ్గర గనిని బావి అనే అంటారు. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు ఉంటుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె ఏవీ లోపలికి తీసుకుపోకూడదని గనుల నిబంధనల్లోనే ఉంది. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. ఎనిమిది గంటల షిఫ్టు. పొగ అలవాటు ఉన్న మనిషి ఆ ఎనిమిది గంటలు ఏం చేయాలి? తంబాకు, సున్నం అరచేతిలో నలిపి కింది పెదవి వెనక పెట్టుకుంటాడు. దాంతో ఏదీ అంటుకోదు, ఎవరూ అడ్డం చెప్పరు. బాపుకి ఈ అలవాటు ఇరవై రెండేళ్ళది, అంటే నాకంటే పెద్దది.

సున్నం ఎందుకు కలుపుతారో కూడా ఇక్కడే చెప్పేస్తా. సున్నం క్షారం. అది కలిస్తే పొగాకులోని నికోటిన్ నోటి లోపలి చర్మం గుండా తొందరగా రక్తంలోకి పోతుంది. 'కిక్కు' అనేది దానివల్లే.

ఇదేదో మా బావులకే ఉన్న సంగతి అనుకోకండి. 2016-17లో దేశమంతా చేసిన వయోజనుల పొగాకు సర్వేలో పొగ తాగేవాళ్ళు 10.7 శాతం అయితే, నమిలేవాళ్ళు, పీల్చేవాళ్ళు, చిగుళ్ళకు రాసుకునేవాళ్ళు కలిపి 21.4 శాతం తేలారు. సరిగ్గా రెట్టింపు. మనం సినిమా మొదలయ్యే ముందు సిగరెట్ గురించి ఎక్కువ చూస్తాం గానీ మన చుట్టూ ఉన్నది ఎక్కువగా ఇదే. మన హాస్టల్ వెనక గోడ ఏ రంగులో ఉందో మీకు తెలుసు.

నేను చేసిన తెలివైన పని

ఆన్‌లైన్‌లో ఒక వైట్నింగ్ కిట్ ఆర్డర్ పెట్టాను. పేరు చెప్పను. ఒక జెల్ పెన్ను, ఒక రబ్బరు ట్రే, దానికి తగిలించే నీలం ఎల్‌ఈడీ లైట్. "ఏడు రోజుల్లో ఎనిమిది షేడ్లు తెలుపు" అని డబ్బా మీద ఉంది. జెల్‌లో ఏముంది, ఎంత శాతం అనేది మాత్రం డబ్బా అంతా వెతికినా దొరకలేదు. బాపు ఆ లైట్ చూసి, "ఇది నోట్లె పెట్టుకొని కూసుంటే పెండ్లిపిల్లగాడు నేనే అనుకుంటరు" అని నవ్వాడు, అప్పుడూ నోరు మూసుకునే. "ముందుగాల నువ్వు పెట్టుకో, నువ్వు బతికితె నేను పెట్టుకుంట" అన్నాడు.

సరే అని నేనే టెస్టింగ్ మొదలుపెట్టా. మూడో రోజుకి చల్లనీళ్ళు తాగితే పండ్లు జివ్వుమన్నాయి. నాలుగో రోజు పై చిగురు అంచు తెల్లగా, ఉడికినట్టు అయింది, మంట. ట్రే నా నోటి కొలత కాదు కదా, జెల్ అంతా చిగుళ్ళ మీదికి కారింది. అమ్మ చూసి ఆ డబ్బాను సజ్జ మీదికి విసిరేసి, "ఇద్దరు పోయి డాక్టర్‌కి చూపించుకోండ్రి" అంది. అలా నా పిచ్చి పనివల్ల బాపు మొదటిసారి డెంటిస్ట్ కుర్చీ ఎక్కాడు. పన్ను నొప్పి వస్తే లవంగం పెట్టుకోవడం తప్ప అంతవరకు ఆయనకు ఇంకో వైద్యం లేదు.

పన్ను అసలు ఏ రంగు

డాక్టర్ దగ్గర ఏం జరిగిందో చెప్పేముందు ఇది తెలియాలి. పంటి పైపొర ఎనామిల్, మన పాత సైన్సు పుస్తకాల్లో పింగాణీ పొర అంటారు. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. కానీ అది తెల్లగా ఉండదు, కొంచెం మసక గాజులా కాంతిని లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉండే డెంటిన్ పొర రంగు పసుపు. మనకు కనిపించేది రెండూ కలిసిన రంగు. అంటే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా లేత పసుపుగానే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పల్చబడుతుంది, డెంటిన్ చిక్కబడుతుంది, పసుపు ఇంకా పైకి కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఎనామిల్‌ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికి చచ్చిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే కొత్తది వస్తుంది. ఎనామిల్ పోతే పోయినట్టే. మన భాషలో చెప్పాలంటే రీడ్ ఓన్లీ మెమరీ, ఒకసారే రాస్తారు. (ఉమ్ములోని ఖనిజాలు చిన్న చిన్న రిపేర్లు చేస్తాయి, అంతవరకే.)

రంగు మారడంలో రెండు రకాలు. టీ, పొగాకు, వక్క, పసుపు లాంటివి పైన అంటుకున్నది బయటి మరక. పన్ను తయారయ్యేటప్పుడే లోపల చేరినదో, తర్వాత లోపలికి ఇంకినదో అయితే లోపలి మరక. డాక్టర్ మొదట తేల్చేది ఇదే. ఎందుకంటే మొదటిదానికి చాలాసార్లు వైట్నింగే అక్కర్లేదు, క్లీనింగ్ చాలు. రెండోదాంట్లో కొన్నిటికి వైట్నింగ్ పని చేయదు.

కుర్చీలో

డాక్టర్ మేడమ్ మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటుందేమో. నా చిగురు చూసి, కిట్ ఫొటో చూపిస్తే తల పట్టుకుంది. "నీది నాలుగు రోజుల్లో తగ్గుతది, ఇంక అది ముట్టకు" అని, "అంకుల్, మీరు కూర్చోండి" అంది.

బాపు నోరు తెరిచాడు. మొదట ఆమె పండ్లు చూడలేదు. "మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోండి" అంది. బాపువి పట్టాయి. ఇది చదువుతున్న మీరూ ఒకసారి చేసి చూడండి, మీ సొంత వేళ్ళే, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు, ముందు పండ్ల మధ్య నిలువుగా. గుట్కా, వక్కపొడి తినేవాళ్ళలో బుగ్గల లోపలి చర్మం నారలా గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోయే జబ్బు ఉంది. పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. దానికి కారణం ముఖ్యంగా వక్క, పొగాకు లేని వక్కపొడి కూడా. అది క్యాన్సర్‌గా మారొచ్చు. ఇరవై ఏళ్ళవాళ్ళలో కూడా వస్తుంది. కారం తింటే ముందుకన్నా ఎక్కువ మండటం మొదటి గుర్తు.

తర్వాత ఆమె బాపు కింది పెదవిని వేలితో కిందికి వంచింది. తంబాకు పెట్టే చోటే, చిగురుకీ పెదవికీ మధ్య సందులో, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. ముడతలు పడ్డట్టు, నీళ్ళలో ఎక్కువసేపు నానిన వేలి చర్మంలాగా ఉంది. గాజుగుడ్డతో తుడిచింది. పోలేదు.

"ఇది ఎప్పటి నుంచి ఉంది అంకుల్?"

"ఏమో మేడం. నొస్తలేదు కదా, సూసుకోలె."

"నొప్పి ఉండదు. అదే ప్రాబ్లం."

నేను అడగాల్సిన ప్రశ్న అడిగేశా. "మేడం, మరి వైట్నింగ్?" ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తుడిస్తే పోని తెల్లమచ్చను ల్యూకోప్లేకియా అంటారు, అది ఏంటో తేలేవరకు ఈ నోట్లో పెరాక్సైడ్ పెట్టేది లేదు, చిగుళ్ళ నుంచి రక్తం కూడా వస్తోంది. తంబాకు ఇవాళే ఆపాలి. రెండు వారాల తర్వాత రావాలి. పొగాకు రాపిడితో వచ్చిన మచ్చలు కొన్ని ఆపేస్తే వాటంతటవే తగ్గుతాయి. తగ్గకపోతే బయాప్సీ. అంతలోపు గార తీస్తాను అంది.

ఇంటికి వచ్చేటప్పుడు బండి నేను నడిపాను. బాపు ఐబీ చౌరస్తా దాకా ఏం మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి, "అమ్మకు బయాప్సీ అని చెప్పకు, క్లీనింగ్ అని చెప్పు" అన్నాడు.

క్లీనింగ్ అంటే ఏమిటి

స్కేలింగ్ చేస్తే పండ్లు వదులవుతాయని మా బస్తీలో అందరి నమ్మకం. బాపు కూడా అదే భయపడ్డాడు. వాడేది సన్నటి లోహపు కొన ఉన్న పరికరం, సెకనుకు సుమారు పాతికవేల సార్లు కంపిస్తుంది, చల్లదనానికి నీళ్ళు చిమ్ముతుంటుంది. కంపనానికి గార పగిలి ఊడిపోతుంది. ఏళ్ళ తరబడి గార ఉన్నచోట చిగురు, లోపలి ఎముక కిందికి జారి ఉంటాయి. పన్ను అప్పటికే వదులైంది, కానీ రెండు పండ్ల మధ్య గార సిమెంట్‌లా పట్టుకుని ఉండటం వల్ల తెలియదు. అది తీశాక సందులు కనిపిస్తాయి, నాలుక తగులుతుంది, మనం డాక్టర్‌ని తిడతాం.

రెండు సిట్టింగులు పట్టింది. మొత్తం పద్దెనిమిది వందలు. చివర్లో పాలిషింగ్. అద్దం ఇచ్చారు. పండ్లు తెల్లగా రాలేదు, పసుపుగానే ఉన్నాయి. కానీ అంచుల్లో ఉన్న నల్లటి గీతలు, ఆ మందపాటి గోధుమరంగు పెచ్చు పోయాయి. డాక్టర్ వరుసగా పింగాణీ పండ్లు గుచ్చిన ఒక పట్టీ తీసి బాపు పంటి పక్కన పెట్టి చూసింది. దాన్ని షేడ్ గైడ్ అంటారు. వీటా క్లాసికల్ అనే రకంలో 16 షేడ్లు ఉంటాయి: ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుంపులు. ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ, బీ ఎరుపు కలిసిన పసుపు, సీ బూడిద, డీ ఎరుపు కలిసిన బూడిద. నాకు నచ్చిన విషయం, అక్షర క్రమం వేరు, తెలుపు క్రమం వేరు. తెలుపు ప్రకారం సార్ట్ చేస్తే మొదట వచ్చేది బీ1, తర్వాత ఏ1. బాపుది ఏ4 నుంచి ఏ3.5కి వచ్చింది. "ఎనిమిది షేడ్లు" అని ప్రకటనల్లో చెప్పేది ఈ పట్టీ మీద మెట్ల లెక్కే, ఎక్కడి నుంచి మొదలుపెట్టారో చెప్పకపోతే ఆ లెక్కకు అర్థం లేదు.

పెరాక్సైడ్ చేసే పని

ఇప్పుడు అసలు వైట్నింగ్. ఇంటర్ ఎంపీసీ వాళ్ళకు హైడ్రోజన్ పెరాక్సైడ్ గుర్తుండే ఉంటుంది, నీటి అణువుకు ఒక ఆక్సిజన్ ఎక్కువ. అది విడిపోయేటప్పుడు ఎలక్ట్రాన్ల కోసం ఆకలిగా ఉండే ముక్కలు (ఫ్రీ రాడికల్స్) వస్తాయి. రంగునిచ్చే పెద్ద అణువుల్లో ఒకటి విడిచి ఒకటి డబుల్ బాండ్లు వరుసగా ఉంటాయి. కాంతిని పీల్చుకునేది ఆ వరుసే. ఈ ముక్కలు వెళ్ళి ఆ వరుసను మధ్యలో తెంపేస్తాయి. అణువులు చిన్నవైపోతాయి, రంగు తగ్గుతుంది. మరక ఎక్కడికీ పోదు, కనిపించకుండా అవుతుంది. పసుపు రంగు బాగా పోతుంది, బూడిద రంగు మొండికేస్తుంది.

పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. ఎనామిల్, డెంటిన్ దాటి కొన్ని నిమిషాల్లోనే లోపల నరం ఉండే పల్ప్ దాకా చేరుతుంది. నాకు వచ్చిన జివ్వుమనడం అదే. సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది.

డాక్టర్ దగ్గర చేసేదాంట్లో 25 నుంచి 40 శాతం గాఢత వాడతారు. చిగుళ్ళ మీద ముందు ఒక రక్షణ పొర పూసి గట్టిపరుస్తారు, పెదాలను దూరంగా పట్టి ఉంచుతారు, జెల్ రాసి పది పదిహేను నిమిషాలకోసారి తీసి మళ్ళీ రాస్తారు. గంటలో పని అయిపోతుంది. మాకు చెప్పిన రేటు ఏడు వేలు. కుర్చీ దిగి చూసుకున్నప్పుడు కనిపించే తెలుపులో కొంత దొంగ తెలుపు ఉంటుంది. గంటసేపు నోరు తెరిచి ఉంచితే పండ్లు ఎండిపోతాయి, ఎండిన పన్ను ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. ఒకట్రెండు రోజుల్లో తడి చేరి కొంచెం వెనక్కి వస్తుంది. ఇన్‌స్టాలో ఆ 'ముందు, తర్వాత' ఫొటోలు ఎప్పుడు తీస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇక లైట్ సంగతి: అన్నీ పోల్చి చూసిన పరిశోధనల్లో, ఎక్కువ గాఢత ఉన్న జెల్‌కు లైట్ వేసినా వేయకపోయినా చివరికి వచ్చే ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. నా నీలం లైట్ దీపావళికి పనికొస్తుంది.

ఇంట్లో చేసుకునే పద్ధతి అంటే ఆన్‌లైన్ కిట్ అని కాదు. డాక్టర్ మన పండ్ల అచ్చు తీసి, సరిగ్గా మన కొలతకు పల్చటి ట్రే చేయిస్తారు. దాంట్లో చుక్క చుక్క జెల్ వేసి రాత్రి పెట్టుకుని పడుకోవాలి, రెండు వారాల దాకా. జెల్ ఎక్కువగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్, దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. ఈ పద్ధతి అనుకోకుండా దొరికింది. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కన్సాలో బిల్ క్లస్మియర్ అనే డెంటిస్ట్ చిగుళ్ళు మానడానికి పేషెంట్లకు ఒక క్రిమినాశక మందును ట్రేలో పెట్టుకోమన్నాడు. చిగుళ్ళు మానాయి, పండ్లు కూడా తెల్లబడ్డాయి. మందులో ఉన్నది కార్బమైడ్ పెరాక్సైడ్. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దీన్ని పద్ధతిగా రాసి ప్రచురించాకే ప్రపంచం అంతా పాకింది. నెమ్మదైనదే అయినా ఫలితంలో కుర్చీ పద్ధతికి తీసిపోదు, జివ్వుమనడం తక్కువ. నన్నడిగితే, ఆరోగ్యంగా ఉన్న నోటికి, తొందర లేనివాళ్ళకి ఇదే మంచిది. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి నిబంధన ప్రకారం 0.1 శాతం దాటి 6 శాతం దాకా పెరాక్సైడ్ ఉన్నవి డెంటిస్ట్ ద్వారానే మొదలుపెట్టాలి, 18 నిండని వాళ్ళకు వాడకూడదు. మనం డబ్బా మీద శాతం కూడా లేనిదాన్ని క్యాష్ ఆన్ డెలివరీలో తెప్పించుకుంటున్నాం.

రెండూ శాశ్వతం కాదు. టీ, పొగాకు అలవాట్లను బట్టి కొన్ని నెలలో, ఒకట్రెండేళ్ళో. పంటికి వేసిన క్యాప్, సిమెంట్ ఫిల్లింగ్ రంగు పెరాక్సైడ్‌కు మారదు, చుట్టూ తెల్లబడితే అవి ఎత్తి కనిపిస్తాయి. దెబ్బ తగిలి నరం చచ్చి నల్లబడ్డ పన్నుకు రూట్ కెనాల్ చేసి, లోపలి నుంచి మందు పెట్టి తెల్లబరచడం వేరే పద్ధతి.

మా రూమ్మేట్ పండ్లు

మా రూమ్మేట్‌ది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. వాడి ముందు పండ్ల మీద గోధుమరంగు అడ్డగీతలు, సున్నపు మచ్చలు. ఫస్టియర్‌లో ఒకడు "బ్రష్ చెయ్యవా బే" అన్నాడు. వాడు రోజుకు రెండుసార్లు తోముకుంటాడు. (ఇది రాస్తున్నానని చెప్పాను, "ఆ బే అన్నోడి పేరు కూడా రాయి" అన్నాడు. రాయట్లేదు.)

అది ఫ్లోరోసిస్. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ వైపు బోరునీళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది, గ్రానైట్ రాళ్ళ నుంచి దిగేది. పన్ను దవడలో తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పెద్దయ్యాక తాగితే పండ్లకు ఈ మచ్చలు రావు, ఎముకలకు నష్టం వేరే సంగతి. తెలుగు నేల మీద ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే డెంటిస్ట్ ఇట్లాంటి గోధుమ మచ్చలను 1901లో చూసి, కారణం కోసం ముప్పై ఏళ్ళు వెతికాడు. ఫ్లోరైడ్ అని 1931లో తేలింది.

మా రూమ్మేట్ 2006లో పుట్టాడు. మిషన్ భగీరథ మొదలైంది 2016లో. వాడి పండ్లు అప్పటికే తయారైపోయాయి. వాడి చెల్లె 2015లో పుట్టింది, చిన్నప్పటి నుంచి నది నీళ్ళే. వాళ్ళింట్లో గ్రూప్ ఫొటో చూశాను: నాయనమ్మ, అమ్మానాన్న, వాడు, అందరికీ ఆ గీతలు. చివర్లో ఆ పిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది, ముత్యాల్లా ఉన్నాయి. ఒక ఊరి నీళ్ళ గిట్ లాగ్ చూసినట్టు అనిపించింది.

వాడు నా కిట్ అడిగాడు. ఇవ్వలేదు. ఫ్లోరోసిస్ పంటికి ఊరికే బ్లీచింగ్ చేస్తే గోధుమరంగు కొంత తగ్గొచ్చు గానీ సున్నపు మచ్చలు ఇంకా తెల్లబడి తేలతాయి. దానికి ఆమ్లం, మెత్తటి రాపిడి పొడి కలిపి పైపొరను అతి పల్చగా తీయడం, మచ్చల్లోకి పల్చటి రెజిన్ ఇంకించడం, బాగా ముదిరితే వెనీర్లు, ఇట్లా వేరే దారులున్నాయి. మచ్చ ఎంత లోతో చూసి డాక్టరే చెప్పాలి. వాడు ప్లేస్‌మెంట్స్ అయ్యాక చేయించుకుంటాడట. ఇంటర్వ్యూలకు ముందు చేయించుకోవాలి కదరా అంటే, డబ్బులు ఇంటర్వ్యూ తర్వాత కదా వచ్చేది అన్నాడు.

బొగ్గుతో తెలుపు

మా బాపమ్మ చిన్నప్పుడు యాప పుల్ల, కట్టెబొగ్గు, ఉప్పు. ఇప్పుడు అదే బొగ్గు యాక్టివేటెడ్ చార్‌కోల్ పేరుతో నల్ల ట్యూబులో వస్తోంది. బొగ్గుట్టల మధ్య పెరిగిన నాకు ఇది చూస్తే నవ్వొస్తుంది. (బావి బొగ్గు వేరు, కట్టెబొగ్గు వేరు, దయచేసి ఎవరూ ప్రయోగాలు చేయకండి.) బొగ్గు పన్నును లోపలి నుంచి తెల్లబరుస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. పైమరకను గీకుతుంది, అంతే. గీకుడు ఎక్కువైతే ఎనామిల్ కూడా పోతుంది. ఎనామిల్ పల్చబడితే కింద ఉన్న పసుపు డెంటిన్ బయటపడుతుంది. తెల్లగా కావాలని ఎంత గట్టిగా తోమితే అంత పచ్చగా అవుతాయి.

నిమ్మకాయ ఇంకా ప్రమాదం. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ సుమారు 2. రీల్‌లో వాళ్ళకు వచ్చే ఆ మెరుపు కరిగిన ఉపరితలం మెరుపు.

వైట్నింగ్ టూత్‌పేస్టుల్లో కొన్నిటిలో ఒక నీలం రంగు పదార్థం ఉంటుంది. పంటి మీద పల్చగా అంటుకుని పసుపును తగ్గించినట్టు చూపిస్తుంది. తెల్ల చొక్కాలకు అమ్మ నీలిమందు పెట్టేది ఇందుకే. మోసం కాదు, కానీ కొన్ని గంటల ముచ్చట.

రెండు వారాల తర్వాత

బాపు తంబాకు పూర్తిగా ఆపలేకపోయాడు. మొదటి వారం బాగా చిరాకు, నిద్రలేమి, నైట్ షిఫ్టులో ఒకసారి దొంగతనంగా. నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చారు. ఇప్పుడు బావిలోకి పోయేటప్పుడు జేబులో సోంపు, లవంగాలు పెట్టుకుని పోతాడు. తడిమి చూసేవాళ్ళు వాసన పట్టి "ఏంది, పెండ్లిభోజనం చేసి వస్తున్నవా" అంటారట.

మచ్చ సగానికి పైగా తగ్గింది. మిగిలిన ముక్కకు జూన్‌లో వరంగల్‌లో బయాప్సీ చేయించాం. రిపోర్టు వచ్చేవరకు తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో నేను చదివినవేవీ ఇక్కడ రాయను. రిపోర్టులో ఉన్నది: మైల్డ్ డిస్‌ప్లేసియా. క్యాన్సర్ కాదు, కానీ కణాలు వరస తప్పడం మొదలుపెట్టాయి. ఆ ముక్క తీసేశారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. సెప్టెంబర్‌లో చూపించాం, కొత్త మచ్చ లేదు. తర్వాతిది డిసెంబర్‌లో.

అమ్మకు చివరికి నేనే చెప్పేశాను. రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు, మూడో రోజు నుంచి టీలో చక్కెర తగ్గించి, పొద్దున లేవగానే పెదవి తిప్పి తనే చూస్తోంది, టార్చిలైటు వేసి.

డిసెంబర్ దాకా వైట్నింగ్ మాటెత్తొద్దని డాక్టర్ చెప్పింది. అక్క పెండ్లి నవంబర్‌లో. షేడ్ ఇప్పటికీ ఏ3.5. నిన్న ఫోన్‌లో అడిగాను, "మరి ఫొటోలల్ల ఎట్లా బాపూ?" అని. "మీ అమ్మ రోజు పొద్దుగాల లైటేసి నోరు తెరిపిస్తుంది గదరా, అలవాటైంది" అన్నాడు.